ఏడో నంబరు సీసా

పెద్దకోడలి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి బల్ల మీద కూర్చుంది చిన్నకోడలు. కిందటిసారి గుమ్మం దగ్గర వదిలితే ఎవరో వేసుకుపోయారు. ఆవిడ వట్టికాళ్ళతో ఇంటికొచ్చి, ఆ దొంగ కాళ్ళు పడిపోవాలని వారం రోజులు శాపనార్థాలు పెట్టింది. అంచేత ఇవాళ చెప్పులు ఒళ్ళో, కళ్ళజోడు చేతిలో, ఫైలు చంకలో, సంచీ భుజాన. సంచీ అడుగున చేతిరుమాల్లో చుట్టిన పదకొండో నంబరు సీసా. దాని మాట తలుచుకోకూడదనుకుంది. తలుపు మీద ఎర్రదీపం వెలిగింది, అంటే లోపల గుండె స్కాను మొదలైంది, గుండె ఎలా ముడుచుకుంటోందో ఎలా తెరుచుకుంటోందో తెర మీద కనబడుతుంది, దానికో లెక్క ఉంటుంది, నూటికి ఇంత అని. మొదట చూసినప్పుడు అరవై రెండు. ఇవాళ ఎంతో. యాభైకి తగ్గకుండా ఉంటే పక్క హాల్లో పడుకోబెట్టి క్యాన్సరు గడ్డకిచ్చే ఎర్రమందు ఐదో విడత ఎక్కిస్తారు, ఆ తర్వాత ఇంకొక్కటే. తగ్గితే ఆపేస్తారు. ఆపేస్తే మరి గడ్డ సంగతేమిటని అడిగితే డాక్టరుగారు "ముందు చూద్దామమ్మా" అని తలొంచుకుని రాసుకున్నాడు. లోపలికెళ్తూ పెద్దకోడలు వెనక్కి తిరిగి, "నా చుక్కలు తెచ్చావుగా?" అంది. "తెచ్చానక్కా" అంది ఈమె. ఆ మాట నిజమో అబద్ధమో అన్నవాళ్ళకే తెలీదు.

చుక్కలు. రోజూ పొద్దున్నే పది, ఎర్రమందు ఎక్కించే రోజున ఎక్కించేముందు ఇంకో పది. ఈ లెక్క ఏ డాక్టరూ చెప్పింది కాదు, ఎలుక బరువుకి ఇంతైతే మనిషి బరువుకి ఎంత అని క్యాలెండరు వెనక పెన్సిలుతో వేసుకుని చిన్నకోడలు తనే కట్టింది. చదివింది పదో తరగతి. పధ్నాలుగేళ్ళుగా మొక్కల మందుల లాబ్‌లో పని, ఎలుకల గదిలో పొట్టు మార్చడం, మేత తూచడం, నీళ్ళు పెట్టడం, మేడ మీద నీడలో ఆకు ఎండబెట్టడం, దంచి స్పిరిట్లో నానేసి వడగట్టడం. ఆకంటే ఏదో కొండకొమ్మున దొరికే మూలిక అనుకునేరు, పాత గోడల మీద పాకే పిచ్చితీగ అది, మేకలు కూడా మూతి తిప్పుకుపోతాయి. దాన్నించి తీసిన గోధుమరంగు పొడి గురించి, లాబ్‌కి వచ్చినవాళ్ళందరికీ అక్కడి పెద్ద మేడం చెప్పే ముక్క ఆమెకి కంఠతా వచ్చు: ఎర్రమందు గడ్డని చంపుతుంది, చంపి ఊరుకోదు, పోతూపోతూ గుండె కండరానికి తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పుని ఈ ఆకులోని సరుకు అడ్డుకుంటుందా లేదా అన్నదే మనం చూస్తున్నాం. ఇంట్లో చెప్పేటప్పుడు ఆ "లేదా" ని ఎగరగొట్టేసింది. అడ్డుకుంటుంది అంది. అంత దర్జాగా అంది. ఏం, ఆ ఇంట్లో ఆమె మాటకి విలువ ఎప్పుడుందని, ఒక్కసారి దొరికితే వదులుతుందా?

ఈమెకి ఎలకలమ్మ అని పేరు పెట్టిందే పెద్దకోడలు. కాపరానికొచ్చిన కొత్తలో పాలు మాడగొట్టిందని అత్తగారు నలుగురిలో నిలబెట్టి కడిగేస్తుంటే, గుమ్మంలో నిలబడి కిసుక్కున నవ్వింది ఆ మహాతల్లి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అని ఊరికే అన్నారా. అత్తగారి తిట్లు ఆ సాయంత్రానికే మరిచిపోయింది, ఈ నవ్వు మాత్రం తొమ్మిదేళ్ళు మోసింది. అత్తగారు పోయారు, ఇంటికి మధ్యన గోడ లేచి రెండు వాటాలయ్యాయి, అటునుంచి కుట్టుమిషను చప్పుడు, ఇటునుంచి గిన్నెల చప్పుడు, మాటలేమైనా ఉంటే పిల్లల చేత రాయబారం. ఆ మిషను తెల్లారి ఆరింటికి మొదలయ్యేది, బడిపిల్లల యూనిఫారాలు, టకటకటక, చెవులు పోయేలా, ఎప్పుడాగుతుందిరా భగవంతుడా అనుకునేది. ఓ సాయంత్రం ఆగింది. ఆగి, తలుపు తోసుకుని మనిషే వచ్చేసింది. ఇంట్లో ఎవరూ లేరు. పెద్దకోడలు ఈమె చెయ్యి పట్టుకుని, ఏమీ చెప్పకుండా తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుని, "ఇక్కడ నొక్కి చూడవే. ఎలకల్ని పట్టి పట్టి చూస్తావుగా. ఇది గడ్డేనా?" అంది. గోలీకాయంత ఉంది. కదలడం లేదు. మొగుడికి కూడా చెప్పకముందు, తొమ్మిదేళ్ళుగా మాట్లాడని తోడికోడలికి చెప్పింది. అప్పుడు ఆ వేళ్ళ కింద గుండె ఎంత జోరుగా కొట్టుకుందో ఈమెకి ఇప్పటికీ చేతిలో ఉంది.

గడ్డంటే భయపడలేదు ఆవిడ. తీసేస్తే పోతుందంది, పాత గుడ్డకి చిరుగు పడితే కత్తిరించి మాటెయ్యమూ అంది. కొయ్యబోయేముందు మందు ఎక్కించాలనేసరికి మొరాయించింది. ఎదురింటి టీచరమ్మకి ఇలాగే గడ్డ వచ్చింది, ఇదే ఎర్రమందు ఎక్కించారు, గడ్డ మాయమైంది, అందరూ సంబరపడ్డారు, రెండేళ్ళకి ఆ టీచరమ్మ నాలుగు మెట్లెక్కి ఐదో మెట్టు మీద కూర్చుండిపోవడం మొదలెట్టింది, ఆ తర్వాత అయిదో మెట్టు కూడా రాలేదు. "గడ్డని తీస్తారట, గుండె పట్టుకుపోతారట. ఇదెక్కడి బేరమే? నాకొద్దు. మిషను తొక్కే కాళ్ళకి గుండెలో దమ్ముండాలి" అని గోడకి తిరిగి పడుకుంది. బావగారు బతిమాలాడు, పిల్లలు ఏడ్చారు, డాక్టరుగారు అందరికీ అలా అవదన్నాడు. బండరాయికి చెప్పినట్టే ఉంది. అప్పుడు, మంచం పక్కన కూర్చుని, ఎలకలమ్మ నోరు విప్పింది. "మా లాబ్‌లో గుండెని కాపాడే ఆకుమందు ఉందక్కా." ఆవిడ ఇటు తిరిగింది. "నువ్వు చూశావా?" "నా చేత్తోనే పోస్తున్నాను." "అయితే నాకూ నీ చేత్తోనే పొయ్యి. అలా అయితేనే ఒప్పుకుంటా." ఇంకేం చేస్తుంది? ఒప్పుకుంటుందా పోతుందా అన్న చోట, కాదని ఎవరనగలరు? తర్వాత చాలాసార్లు అనుకుంది, నేను అని ఉండాల్సిందని.

"కాళ్ళెత్తమ్మా" అంది తుడిచే ఆవిడ. ఎత్తింది. ఫినాయిలు వాసన గుప్పుమంది, ఎలుకల గది కళ్ళముందుకొచ్చింది, పొద్దున్నే తలుపు తియ్యగానే ఇదే వాసన, దాని కింద పొట్టు వాసన, దాని కింద ఆ ప్రాణుల వెచ్చని వాసన. రెండు వరసల బోనులు. అన్నిటికీ ఎర్రమందు సూది పడుతుంది, ఒక వరసకి ఆకుమందు, ఒక వరసకి ఉత్త జిగురునీళ్ళు, పలచని గంజిలాంటివి, రంగు కూడా ఒక్కటిగా ఉండాలని కాల్చిన చక్కెర కలుపుతారు. ఏ సీసాలో ఏదుందో పోసేవాళ్ళకి తెలీకూడదు. సీసాల మీద అంకెలే, ఏడు, పదకొండు, అంతే. ఏ అంకె ఏదో రాసిన కవరు మేడం బీరువాలో, లక్క ముద్ర వేసి. ఎందుకండీ ఇంత దాపరికం అని ఓసారి అడిగితే మేడం నవ్వి, "తెలిస్తే నీ కళ్ళు నిన్నే మోసం చేస్తాయి" అంది. నా కళ్ళా, పధ్నాలుగేళ్ళ కళ్ళు, ఏ ఎలుక రేపు చస్తుందో ఇవాళే చెప్పగలవు అనుకుంది మనసులో. చూస్తూనే ఉందిగా. ఏడో నంబరు వరస ఎలుకలు మేత ఖాళీ చేసేవి, బొచ్చు నిగనిగలాడేది, చెయ్యి పెడితే వేలెక్కి ఆడేవి. పదకొండో వరసవి మూల నక్కి, ముడుచుకుని, బొచ్చు రేగి, కడుపు జారి. ఇంకా కవరెందుకు, గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఏడులోంచే తీసింది, రోజుకి కాస్త, మందుల కొట్లో కొన్న చిన్న సీసాలోకి. మొదటి రోజు చుక్కలు నాలిక మీద పడగానే పెద్దకోడలు మొహం చిట్లించి, "చేదేదే? చేదు లేని మందు మందేనా?" అంది. "శుద్ధి చేసిందక్కా, చేదు తీసేస్తారు" అంది ఈమె, తడుముకోకుండా. లాబ్‌లో ఏదీ నోట్లో పెట్టకూడదన్నది మొదటి రూలు, ఆ రూలు తన నోటికి ఒక్కనాడూ తప్పలేదు, తోడికోడలి నోటికి మాత్రం వర్తించలేదు.

మొన్న కవరు తెరిచారు. ఎలుకల గుండెల్ని రేకుల్లా సన్నగా కోసి, రంగద్ది, గాజుపలకల మీద పెట్టి, మేడం పిలిచి మరీ చూపించింది, "నువ్వే కదా పెంచింది, రా, చూడు." కన్ను పెట్టి చూసింది. ఒక పలకలో కండరం పోగులు వరసగా, కొత్త నూలు దారాల్లా ఉన్నాయి. ఇంకో పలకలో పోగులు విడిపోయి, మధ్యమధ్య కన్నాలు పడి, చీడపట్టినట్టు. "ఈ చక్కనివి పదకొండు. ఆకుమందు. ఈ పాడైనవి ఏడు, ఉత్త నీళ్ళు" అంది మేడం. ఏడా? ఆ నిగనిగలాడినవా? "ఆకు చేదుకి పదకొండో వరసవాటికి కడుపు పాడయింది పాపం, పైకి డీలా పడ్డాయి, గుండెలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఈ ఏడో వరసవి పైన పటారం, లోన లొటారం." మేడం నవ్వింది, పక్కనున్న కుర్ర స్కాలర్లు చప్పట్లు కొట్టారు, ఆమె కూడా కొట్టింది, చేతులు తమంతట అవే కొట్టాయి. నాలుగు విడతలు. నాలుగు విడతలకీ నీళ్ళు పోసింది. మీద పడుతున్న బండకి అట్టముక్క అడ్డం పెట్టి, ఉక్కు తలుపని చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆకుల గదిలో తలుపేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది, పాలు మాడిన నాడు ఏడ్చినదానికి పదింతలు.

ఇంతకీ భయం ఎక్కడుందంటే, పెద్దకోడలు ఈమధ్య నిగనిగలాడుతోంది. జుట్టు పోయినమాటే గానీ, మొహాన కళ వచ్చింది, రెండో విడత దాటాక అన్నం సయించింది, మూడో విడత దాటాక మిషను దుమ్ము దులిపి రోజుకో గంట తొక్కుతోంది, నాలుగో విడతకి ఆసుపత్రి మెట్లన్నీ ఎక్కి, పైన నిలబడి, "చూశావుటే, ఐదో మెట్టు!" అని అరిచింది. అందరూ ఎంత బాగున్నావమ్మా అన్నారు. బాగున్నావన్నప్పుడల్లా ఈమెకి ఏడో నంబరు బోను కళ్ళముందు ఆడింది. పైకి కనబడే కళని నమ్మి ఒకసారి ముంచింది. లోపల పోగులెలా ఉన్నాయో ఆ ఎర్రదీపం వెనక ఇప్పుడే తేలుతోంది. దేవుడా, అరవై రెండు వద్దు, యాభై అయిదివ్వు. యాభై ఒకటివ్వు. యాభై ఇచ్చినా కాదనను.

సంచీలో సీసా తొడకి తగులుతోంది. పొద్దున్న స్కాలరు టీకెళ్ళినప్పుడు తీసింది, పదకొండు, అసలుది, గుండెల్ని కొత్త నూలులా ఉంచినది. పది చుక్కలు. ఎవరికీ తెలీదు, అక్కకీ తెలీదు, చేదేమిటే ఇవాళ అంటే కొత్త సరుకు అనొచ్చు, పొరపాటు పొరపాటులోనే సర్దుకుపోతుంది, మిగిలిన రెండు విడతలకైనా కాపలా ఉంటుంది. తియ్యి, ఇప్పుడే తియ్యి, బయటికి రాగానే పొయ్యి. కానీ మొన్న చప్పట్లయ్యాక మేడం అన్న ముక్క ఒకటుంది, అది చెవిలోంచి పోదు. "ఈ ఎలుకలకి గడ్డల్లేవు. ఎర్రమందు నుంచి గుండెని కాచే సరుకు, గడ్డని కూడా కాచేస్తే కొంప మునుగుతుంది. అది గడ్డలున్న ఎలుకల్లో చూడాలి, వచ్చే ఏడాది పని." వచ్చే ఏడాది. కాపలాకుక్క ఇంటివాళ్ళనీ దొంగనీ ఒకే రకంగా కాస్తే? గోలీకాయంత గడ్డ ఇప్పుడు శనగగింజంత అయిందన్నారు, అయిందంటే ఉత్త నీళ్ళు ఎర్రమందుకి అడ్డం పడలేదు గనకేనేమో. పొయ్యకపోతే గుండె, పోస్తే గడ్డ. పోనీ నిజం చెబితే? చెబితే ఆ మొండిది చుక్కలు లేందే ఎక్కించుకోనని గోడకి తిరిగి పడుకుంటే? ఈ మూడింటిలో ఏది చేసినా చేసేది తన చెయ్యే. ఆ చేతికేసి చూసుకుంది. కళ్ళజోడు అద్దాల మీద చెమట అచ్చులు పడ్డాయి.

ఎర్రదీపం ఆరింది. డాక్టరుగారు కాగితం పట్టుకుని ముందొచ్చాడు. "యాభై ఏడు. అయిదు తగ్గింది. హద్దులోనే ఉందమ్మా, ఎక్కించొచ్చు. పదినిమిషాల్లో పిలుస్తారు" అని వెళ్ళిపోయాడు. వెనక పెద్దకోడలు, మెడ కింద స్కాను జిగురు కొంగుతో తుడుచుకుంటూ, కళ్ళజోడు లేక కళ్ళు చికిలించుకుని, వట్టి పాదాలతో చెప్పుల కోసం నేల తడుముకుంటూ వచ్చి, ఈమె పక్కన కూలబడింది. "విన్నావా? యాభై ఏడు! నీ ఆకు చల్లగా ఉండాలి. ఏదీ, పొయ్యి, మళ్ళీ పిలుస్తారు" అని, కళ్ళు మూసుకుని, పిట్టపిల్లలా నోరు తెరిచింది.

తెరిచిన ఆ నోరు చూసింది చిన్నకోడలు. నాలిక మీద ఎర్రమందు తెచ్చిన పుళ్ళు మానుతున్నాయి. రుమాలు విప్పింది, మూత తీసింది, చుక్కల గొట్టం పైకెత్తింది. చేదు వాసన వచ్చింది.

"అక్కా, నోరు ముయ్యి."

"ఏం?"

"ముయ్యి, చెప్తాను." చెప్పింది. కవరు, అంకెలు, నిగనిగలాడిన ఎలుకలు, గాజుపలకలు, అన్నీ, ఒక్క ఊపిరిలో, ఏడుస్తూ, "ఇన్నాళ్ళూ నీకు పోసింది ఉత్త గంజినీళ్ళక్కా. ఇది అసలుది. ఇదీ పొయ్యలేను. ఇది గడ్డని కూడా కాపాడుతుందేమో ఎవరికీ తెలీదు" అంది.

పెద్దకోడలు కళ్ళజోడు లాక్కుని పెట్టుకుంది. గోడకేసి తిరిగింది. తుడిచే ఆవిడ బకెట్టు చప్పుడు దూరమైంది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతుంది, ఇంటికెళ్ళి గోడకి తిరిగి పడుకుంటుంది, నా వల్ల, నా వల్లే అనుకుంటోంది చిన్నకోడలు.

"మొదటిరోజు నుంచీనా?"

"మొదటిరోజు నుంచీ."

"అంటే నాలుగుసార్లు ఆ నిప్పు పోస్తే... ఎవరి సాయమూ లేకుండా... అయిదేనా తగ్గింది?"

"అవునక్కా."

పెద్దకోడలు ఎడమచెయ్యి తీసి గుండె మీద పెట్టుకుంది, ఎవరో కొత్తమనిషిని పలకరించినట్టు. "ఓసి మొండిఘటమా" అంది దాంతో. తర్వాత ఇటు తిరిగి, "ఎలకలమ్మా, నువ్వు మామూలుదానివి కాదే! నాలుగు నెలలు గంజినీళ్ళు తాగించి, చేదు తీసేస్తారక్కా అని కథలు చెప్తావా? నేను నిన్ను చూసి నవ్వినదానికి బాకీ తీర్చుకున్నావన్నమాట" అని, నవ్వడం మొదలెట్టింది. అదే కిసుక్కుమనే నవ్వు, గుమ్మంలో నవ్విన నవ్వే. ఈసారి మటుకు నవ్వుతూ నవ్వుతూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది, ఈమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సీసా అందుకుని, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు వెలుగుకెత్తి చూసి, మూత బిగించి సంచీలో పెట్టేసింది. "తీసిన చోట పెట్టెయ్. ఆ గడ్డలున్న ఎలకల సంగతి తేల్చమను మీ మేడాన్ని, నాలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. చేసిన వెధవపని కూడా చెప్పు. డాక్టరుకీ చెప్పెయ్, ఇద్దరి తిట్లూ ఒక్కరోజే పడిపోతాయి."

"ఉద్యోగం పోతే?"

"పోతే నా మిషను పక్కన కూర్చుని గుండీలు కుట్టు. అంకెలు చూసి కుట్టకు, గుండీ చూసి కుట్టు."

హాలు తలుపు దగ్గర సిస్టరు పిలిచింది. చిన్నకోడలు నేల మీద కూర్చుని ఆవిడ కాళ్ళకి చెప్పులు తొడిగింది, ఎడమది ముందు, కుడిది తర్వాత. పెద్దకోడలు లేచింది, రెండడుగులు వేసింది, ఆగింది.

"రేపు పొద్దున్న వస్తావుగా?"

"చుక్కలకా? అవి ఉత్త నీళ్ళక్కా, ఇంకెందుకు..."

"నీళ్ళని నాకు తెలీదూ, ఇప్పుడే కదా చెప్పావు. గంజి ఇంట్లోనే కాయి, లాబ్‌లో దొంగతనం చెయ్యక్కర్లేదు. కానీ నువ్వే రావాలి. ఆరింటికే రావాలి." తలుపు తోస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది. "ఈసారి కాస్త ఉప్పెయ్యి."